ఊమ్ వాళ్ళది, చక్ నాది

ఆదివారం, రాత్రి పదకొండు.

పొద్దున ఇడ్లీలు తిని డైనింగ్ టేబుల్ దగ్గర లాప్‌టాప్ తెరిచినవాణ్ణి, లేచేసరికి నాలుగైంది. ఆఫీసు పని ఇంత నిష్ఠగా చేసుంటే ఈపాటికి డైరెక్టరయ్యేవాడివి అంది మా ఆవిడ. కాదనలేను. నేను వెతికింది పాత అమెరికన్ టీవీ షోల టైటిల్ మ్యూజిక్, బ్రాస్ క్వింటెట్ (అయిదు ఇత్తడి ఊదే వాద్యాల గుంపు) కోసం రాసినవి. జూన్‌లో మా ఊరి లైబ్రరీ వెనక పచ్చికలో నలభై నిమిషాల కచేరీ ఉంది. మడత కుర్చీలు తెచ్చుకుని ముందు వరసలో కూర్చునేవాళ్ళంతా డెబ్బై దాటినవాళ్ళే. వాళ్ళ చిన్నప్పటి షోల పాటలు వాయిద్దామని పోయినవారం ప్రాక్టీసులో అనుకున్నాం. అనుకోగానే నలుగురూ నా వైపు తిరిగారు. ఇండియన్‌ని, కంప్యూటర్ మనిషిని. ఇంక వెతకడం ఎవరి వంతో అడగాలా?

మా గుంపులో రెండు ట్రంపెట్లు, ఒక ట్రాంబోన్, ఒక ట్యూబా, మధ్యలో నా ఫ్రెంచ్ హార్న్. నాకు హార్న్ అబ్బింది సంగీతం మీద ప్రేమతో కాదు. అమ్మాయి ఆరో క్లాసులో స్కూలు బ్యాండులో హార్నే కావాలంది, సెకండ్ హ్యాండ్‌లో కొన్నాం. ఎనిమిదికి వచ్చేసరికి వాలీబాల్ అంది. పెట్టె క్లోజెట్‌లోకి వెళ్ళింది. అంత డబ్బు పోసి కొన్న వస్తువు మూలన పడుంటే నాకు నిద్ర పట్టదు (ఖాళీ హార్లిక్స్ సీసా కూడా పారేయని వంశం మాది). నేనే పట్టుకున్నాను. మొదటి ఏడాదంతా ఇంట్లో గేదెను కట్టేసినట్టుండేది. ఇప్పటికి పదేళ్ళు.

ఈ పదేళ్ళలో ఒకటి మాత్రం బాగా తెలిసొచ్చింది. హార్న్ వాయించేవాడికి అరేంజర్లు (ఉన్న పాటని వాద్యాలకి పంచి రాసేవాళ్ళు) పెట్టేది 'చక్' మాత్రమే. ట్యూబా 'ఊమ్' అంటుంది, నేను 'చక్' అంటాను. ఊమ్-చక్, ఊమ్-చక్. పాటంతా ట్రంపెట్లకి. అందుకే ఏ స్కోరు శాంపిల్ పేజీ తెరిచినా ముందు పైనుంచి మూడో గీత, అంటే నా హార్న్ వరస, చూస్తాను. అక్కడ సగం సున్నాలు (ఊదకుండా ఊరుకునే చోట్లు), సగం చక్‌లు కనిపిస్తే చాలు, వెంటనే మూసేస్తాను. స్వార్థమే, కాదనను. కానీ హార్న్‌కి పనివ్వని అరేంజ్‌మెంట్ ట్రంపెట్లకీ మంచిది కాదు. పాటంతా వాళ్ళ మీదే పడితే మూడో పాటకే పెదాలు చచ్చుబడి పై స్వరం పలకదు. మంచి అరేంజర్ పాటని చేతులు మారుస్తాడు.

పొద్దున మొదట తెరిచింది మిషన్ ఇంపాజిబుల్. 1966లో లాలో షిఫ్రిన్ చేసిన బాణీ. అర్జెంటీనాలో పుట్టినవాడు, 2025లో పోయాడు, తొంభై మూడేళ్ళకి. ఆ పాట అయిదు దెబ్బల లెక్క. మనవాళ్ళకి చెప్పాలంటే తకిట తకిట తక తక (పది అక్షరాలు, దెబ్బకి రెండు), మళ్ళీ తకిట తకిట తక తక. మొదట రెండు పొడుగు, తర్వాత రెండు పొట్టి. మోర్స్ కోడ్‌లో 'ఎం'కి రెండు గీతలు, 'ఐ'కి రెండు చుక్కలు, అంటే షో పేరులోని మొదటి అక్షరాలే తాళమై కూర్చున్నాయి. టేబుల్ మీద వేళ్ళతో కొడుతూ ఉంటే మా అమ్మాయి గదిలోంచి తలుపు వేసుకుంది.

మొదట దొరికిన అరేంజ్‌మెంట్ బాగానే ఉందనిపించింది కానీ శాంపిల్ వింటే ఏదో తేడా కొట్టింది. చూస్తే నాలుగు దెబ్బల్లో రాశాడు! 1996లో సినిమా వచ్చినప్పుడు యు2 బ్యాండులో ఇద్దరు కలిసి దాన్ని చాలావరకు నాలుగులోకి దించారు. క్లబ్బుల్లో ఎగరడానికి అది సరే. లైబ్రరీ వెనక కుర్చీల్లో కూర్చున్నవాళ్ళు ఎగరరు కదా. అయిదో దెబ్బ తీసేస్తే ఆ పాటలో ఉన్న కంగారే పోతుంది. పోపు లేని చారు.

ఇంకోటి దొరికింది, అయిదులోనే ఉంది, హార్న్‌కి పన్నెండు బార్లు (మన ఆవర్తాల్లాంటివి) పాట కూడా ఇచ్చాడు. ఆనందం పట్టలేక ఇరవై డాలర్లు కట్టేశాను. ప్రింటు తీసి వాయిస్తే ఇంట్లో ఎవరికీ నచ్చలేదు, నాకూ నచ్చలేదు. అప్పుడు చూశాను. పార్టు (నేను వాయించే కాగితం) మీద 'హార్న్' అని ఉంది, పక్కన సన్న అక్షరాల్లో 'ఇ ఫ్లాట్' అని శ్రుతి. బ్రిటిష్ బ్రాస్ బ్యాండుల్లో వాడే టెనార్ హార్న్‌ది అది. నాది 'ఎఫ్' హార్న్. ఉన్నదున్నట్టు చదివితే అందరికన్నా ఒక మెట్టు పైన పలుకుతాను. 'స' ఉన్నచోటల్లా కింది కైశికి నిషాదం పట్టాలి. పార్టు మార్చి ఇస్తారా అని అమ్మినవాళ్ళని అడిగాను. ఆదివారం కదా, జవాబు లేదు. చివరికి మ్యూజ్‌స్కోర్‌లో (స్వరాలు రాసుకునే సాఫ్ట్‌వేర్) నేనే స్వరం స్వరం కొట్టి మార్చుకున్నాను, రెండు గంటలు.

హవాయి ఫైవ్-ఓ వదిలేశాను. మోర్టన్ స్టీవెన్స్ 1968లో చేసింది, దద్దరిల్లిపోయే పాట, కానీ మొదలే డ్రమ్ములతో. డ్రమ్ములు లేని మా అయిదుగురి చేతిలో అది కాలు విరిగిన గుర్రం.

సింప్సన్స్ ఉంచాను, తాతల వెంట వచ్చే మనవళ్ళ కోసం. డానీ ఎల్ఫ్‌మాన్ ఆ బాణీలో వాడిన స్వరాలు సరిగ్గా మన వాచస్పతి రాగానివి. సగమదప అని పాడి చూడండి, ప్రతిమధ్యమంతో. నేనీ మాట ప్రాక్టీసులో చెప్పబోతే రెండో ట్రంపెట్ ఆవిడ మర్యాదగా గడియారం చూసుకుంది.

డబ్బు ఖర్చులేనిది ఒక్కటే దొరికింది, మాస్టర్‌పీస్ థియేటర్ పాట. 1971లో ఆ కార్యక్రమం మొదలుపెట్టినప్పుడు పాత సరుకే వాడుకున్నారు, మూరే అనే ఫ్రెంచాయన 1729 నాటి రొండో. కాపీరైట్ గొడవ లేదు, ఎక్కడ చూసినా ఉచితం, ఇక్కడ పెళ్ళిళ్ళలో కూడా ఇదే మోగుతుంది. అంత రాచ ఠీవి పాట రాసిన మనిషి చివరికి చేతిలో చిల్లిగవ్వ లేక, మతి చెడి, షరాంతొన్ ఆసుపత్రిలో పోయాడట. చదివాక పాట వేరేగా వినిపిస్తోంది. అందులోనూ నాది చక్కే.

ఇక పీటర్ గన్. హెన్రీ మాన్సినీ, 1958. ఆ రికార్డింగులో పియానో వాయించిన కుర్రాడే తర్వాత స్టార్ వార్స్ సంగీతం చేసిన జాన్ విలియమ్స్. కింద ఒక బారులో ఎనిమిది స్వరాలు, పాట అయ్యేదాకా అదే బారు. దాని మీద ట్రంపెట్లు కేకలేస్తాయి. కొనేశాను, ఎక్కువ ఆలోచించలేదు.

సాయంత్రం అందరికీ మెయిల్ పెట్టి, టీ తాగుతూ మ్యూజ్‌స్కోర్ మూయకుండా అలాగే కూర్చున్నాను. ముందు వరసవాళ్ళకి పీటర్ గన్ ఎలాగో నాకు మాల్గుడి డేస్ అలాగ. ఎల్. వైద్యనాథన్ బాణీ. పక్కింటి బ్లాక్ అండ్ వైట్ టీవీ ముందు గచ్చు మీద కూర్చుని, ఆ 'తాన నానన' మొదలవగానే ఒకరినొకరు మోచేతులతో పొడుచుకునేవాళ్ళం. దాన్ని అయిదు గీతల మీద ఎనిమిది బార్లు రాశాను. పాట మొత్తం హార్న్‌కి. రెండు ట్రంపెట్లకీ చక్, చక్. పదేళ్ళ బాకీ. కచేరీకి కాదులెండి, ఊరికే. ప్లే నొక్కితే కంప్యూటర్ హార్న్ జలుబు చేసినట్టు పాడింది. అయినా నాలుగుసార్లు విన్నాను.

తొమ్మిదింటికి ట్యూబా ఆయన జవాబిచ్చాడు. స్కూలు బస్సు నడిపి రిటైరైనాయన, మాటలు తక్కువ. 'పీటర్ గన్ చూశాను. ఊపిరి ఎక్కడ?'

స్కోరు తీసి లెక్కపెట్టాను. నలభై రెండు బార్లు, ఒక్క సున్నా లేదు. నా చక్ కోసం చూసుకుంటూ కింద ట్యూబా గీత చూడనే లేదు. తొమ్మిదో బారు నుంచి రెండు బార్లు ట్రాంబోన్‌కి మార్చాను. పద్దెనిమిదో బారు నుంచి రెండు నేను తీసుకున్నాను, హార్న్‌కి అంత కింద పలకడం కష్టమే అయినా. మిగతాచోట్ల పెన్సిల్‌తో ఊపిరి గుర్తుకి చిన్న చిన్న కామాలు పెడుతున్నాను. ఇంకా పదహారు బార్లున్నాయి.