ఈతకొలను నీటిలో క్లోరిన్ ఎంత ఉందో చూస్తే సరిపోదు

ఈతకొలను దగ్గర ముక్కు మండేంత ఘాటు వాసన వస్తే క్లోరిన్ ఎక్కువ వేశారని చాలామంది అనుకుంటారు. మా అపార్ట్‌మెంట్ సంఘంలోనూ వేసవి వచ్చిందంటే మందు తగ్గించమనే మాటే వినిపిస్తుంది. నిజానికి ఆ వాసన చాలావరకు క్లోరమైన్లది. చెమటలోనూ మూత్రంలోనూ ఉండే నత్రజని పదార్థాలతో క్లోరిన్ కలిసినప్పుడు అవి పుడతాయి. కళ్ళు ఎర్రబడేది ఎక్కువగా వాటివల్లనే. అంటే ఆ వాసన వచ్చేసరికి, క్రిములను చంపవలసిన క్లోరిన్‌లో కొంత అప్పటికే ఖర్చయిపోయిందన్నమాట. అప్పుడు మందు తగ్గిస్తే నీరు మరింత పాడవుతుంది.

దీనికంటే ముఖ్యమైనది పీహెచ్, అంటే నీటి ఆమ్ల, క్షార గుణాన్ని చెప్పే అంకె. నీటిలో కరిగిన క్లోరిన్ కొంత హైపోక్లోరస్ ఆమ్లంగా, కొంత హైపోక్లోరైట్‌గా ఉంటుంది. క్రిములను వేగంగా చంపేది మొదటిదే. పీహెచ్ 7.5 దగ్గర దాని వాటా సుమారు సగం ఉంటుంది, 8కి చేరేసరికి పావువంతుకు పడిపోతుంది. పరీక్షలో క్లోరిన్ అంకె మాత్రం రెండుసార్లూ ఒకటే కనిపిస్తుంది. అందుకే పీహెచ్ చూడకుండా క్లోరిన్ ఒక్కటే రాసిపెట్టే రిజిస్టరును నేను నమ్మలేను.

లీటరుకు కనీసం 1 మిల్లీగ్రాము క్లోరిన్, 7.0 నుంచి 7.8 మధ్య పీహెచ్ ఉండాలని అమెరికా ప్రజారోగ్య సంస్థ సీడీసీ సూచిస్తుంది. టీసీసీఏ (ట్రైక్లోరోఐసోసైన్యూరిక్ ఆమ్లం) అనే క్లోరిన్ బిళ్ళలు వాడేచోట క్లోరిన్ 2 మిల్లీగ్రాములకు తగ్గకూడదు. ఆ బిళ్ళలు వదిలే సైన్యూరిక్ ఆమ్లం క్లోరిన్‌ను ఎండనుంచి కాపాడుతుంది గానీ, దాని పనిని నెమ్మదింపజేస్తుంది కూడా. పైగా అది నీటిలో పేరుకుపోతూనే ఉంటుంది. కొంత నీరు తీసి కొత్త నీరు పట్టడమే దాన్ని తగ్గించుకోవడానికి సులువైన దారి. అన్నీ సరిగా ఉన్నా క్రిప్టోస్పోరిడియం అనే పరాన్నజీవి వారానికి పైగా బతికే ఉంటుంది కనుక, విరేచనాలు అవుతున్న పిల్లలను దయచేసి కొలనులోకి దింపవద్దు.

రెండు మందులు కలిపితే నీరు రెట్టింపు శుభ్రమవుతుందన్న నమ్మకం కూడా ప్రమాదకరమే. 2016 రియో ఒలింపిక్స్‌లో డైవింగ్ కొలను ఆకుపచ్చగా మారింది. క్లోరిన్ ఉన్న నీటిలో హైడ్రోజన్ పెరాక్సైడ్ పోయడంతో క్లోరిన్ శక్తి పోయిందని నిర్వాహకులు తర్వాత చెప్పారు. అక్కడ పాడైంది నీటి రంగే. బ్లీచింగ్ పౌడర్‌లో ఆమ్లం పడితే మాత్రం విషవాయువైన క్లోరిన్ వెలువడుతుంది, అదే పౌడర్ టీసీసీఏతో కలిస్తే మంట లేదా పేలుడు జరగవచ్చు. కనుక ఒక్కో మందుకు వేరే బకెట్టు, వేరే గరిటె ఉంచాలి. ఎప్పుడూ నీటిలోనే మందు వేయాలి గానీ, మందు మీద నీరు పోయకూడదు.