మూడో బోగీ మళ్లీ పట్టా దిగింది

రాత్రి చిరాకుతో కంట్రోలర్ బంద్ చేసి పడుకున్న. నా మోడల్ రైలు నల్లగొండ లేఅవుట్‌లో సిగ్నళ్లు వెలుగుతున్నయి, ప్లాట్‌ఫాం అయిపోయింది, పసుపు పేరుబోర్డు కూడా నిలబెట్టిన. ఎల్‌హెచ్‌బీ (కొత్త రకం పొడుగు బోగీల) రేక్‌ను లూప్ లైను (పక్క పట్టా) నుంచి వెనక్కి తోస్తే మాత్రం క్రాసోవర్ (ఒక పట్టా నుంచి ఇంకో పట్టాకు మారే జాగ) దగ్గర మూడో బోగీ పడిపోతుంది. ఇంజను ముందుండి గుంజితే ఏం గాదు. తోస్తేనే ఈ లొల్లి.

పడేది ఎప్పుడూ ఒక్కటే జాగల. రెండో పాయింటు (పట్టాలు చీలే చోటు) ఫ్రాగ్ (రెండు పట్టాలు కలిసే మొన) దాటినంక 40 మి.మీ. దూరంల, వెనక ట్రాలీ (బోగీ కింద చక్రాలుండే చట్రం) మొదటి ఇరుసు, ఎడమ చక్రం. టార్చి పక్క నుంచి కొట్టి చూసిన. చక్రం అంచు, అంటే ఫ్లాంజి, మెల్లగ పట్టా నెత్తిమీదికెక్కి, రెండంగుళాలు అట్లనే నడిచి, అవతలికి జారుతుంది.

మొదటి అనుమానం ఎండ మీద. గది డాబా మీద రేకుల కింద ఉన్నది, నల్లగొండ ఎండల సంగతి చెప్పేదేముంది. 2.4 మీటర్ల నికెల్ సిల్వర్ పట్టా 20 డిగ్రీలు వేడెక్కితే 0.8 మి.మీ. దాకా సాగుతుంది. నేనిచ్చిన గ్యాపు 1 మి.మీ. అయినా పొద్దుగాల ఆరింటికి చల్లటి పూట కూడా పడ్డది, అంటే ఎండ గాదు. చక్రాల మధ్య కాలిపర్ పెడితే అన్నీ 14.4 మి.మీ. వచ్చినయి, అంటే సరిగ్గనే ఉన్నయి. ఇగ బరువు. అమెరికా మోడలర్ల సంఘం ఎన్‌ఎంఆర్‌ఏ లెక్కన ఈ పొడుగు బోగీ 180 గ్రాములుండాలె, నాది 128. చేపల వలలకు కట్టే సీసం గుండ్లు తెచ్చి, సుత్తితో చప్పగ కొట్టి, ఫ్లోరు కింద అతికించిన. బరువైతే సరిపోయింది, బోగీ ఇప్పుడు కొంచెం ఆలోచించుకొని పడుతుంది.

అదే క్రాసోవర్ మీద పాత రకం నీలం ఐసీఎఫ్ బోగీల రేక్ ఎంత తోసినా కదలకుంట పోతుంది. అక్కడ బుర్ర వెలిగింది. అసలు బండ్లలో ట్రాలీల మధ్య దూరం ఎల్‌హెచ్‌బీకి 14.9 మీటర్లు, ఐసీఎఫ్‌కు 14.78. మన మోడల్ స్కేలు 1:87 లెక్కల 171, 170 మి.మీ., ఇంచుమించు ఒక్కటే. కానీ బాడీ పొడుగు 23.54 మీటర్లు, 21.34 మీటర్లు. అంటే పెరిగిన పొడుగంతా ట్రాలీల అవతలనే వేలాడుతుంది: ఐసీఎఫ్‌కు ఒక్కో కొసన 38 మి.మీ., ఎల్‌హెచ్‌బీకి 50. నా పాయింట్లు పెకో కంపెనీ స్మాల్ రేడియస్, అంటే వంపు వ్యాసార్థం 610 మి.మీ. ఆ వంపుల ఐసీఎఫ్ కొస 6.4 మి.మీ. బయటికి పోతే ఎల్‌హెచ్‌బీ కొస 9 పోతుంది. క్రాసోవర్‌ల ఒక వంపు ఇటు, ఒకటి అటు కాబట్టి రెండు బోగీల కొసలు ఎడమొహం పెడమొహం అయితయి. స్కేలు పెట్టి చూస్తే బోగీలను కలిపే కప్లర్ల మధ్య పక్కకు తేడా 11 మి.మీ. వచ్చింది. అప్పటికే కప్లర్ కడ్డీ దాని బాక్సు గోడకు తన్నుకొని ఉంటది. ఆపైన తోసే బలమంతా పక్కకు తిరిగి చక్రాన్ని లేపుతుంది. నా నమ్మకం ఇదే.

ఈ బోగీల కిట్ ఆన్‌లైన్‌ల తెప్పించిన, పేరెందుకు గానీ కప్లర్ బాక్సు అచ్చే వంకర. ఆకురాయితో గోడలు చెరో మిల్లీమీటర్ అరగదీసిన. పొడుగు కడ్డీ ఉన్న కేడీ కంపెనీ కప్లర్లు వేస్తే మెల్లగ తోసినప్పుడు దాటుతుంది, కానీ బోగీల నడుమ సందు చూడలేం. కప్లర్ల విషయంల కేడీని మించింది లేదు, ఈ రోగానికి మాత్రం అది మందు గాదు.

మా గల్లీల రిటైరైన పాయింట్స్‌మన్ మామ వచ్చి నవ్విండు. "ప్యాసింజర్ లైనుకు వన్ ఇన్ ట్వెల్వ్ వేస్తరు బిడ్డా, దాని మీద కూడా ముప్పై స్పీడే. నీది ఎంత?" వన్ ఇన్ ట్వెల్వ్ అంటే పన్నెండు అడుగులు పోతే ఒక అడుగు పక్కకు జరిగేది. నా పెకో పాయింటు కోణం 12 డిగ్రీలు, అంటే వన్ ఇన్ 4.7. బ్రాడ్‌గేజ్‌ల అనుమతించే అతి బిగుతు వంపు కూడా 175 మీటర్ల రేడియస్. అది మన స్కేలుల రెండు మీటర్లు. నా గదిల అది పెడితే మంచం బయట వేసుకోవాలె.

అందుకే మీడియం రేడియస్, 914 మి.మీ. పాయింట్లు ఆర్డర్ పెట్టిన. దాని మీద ఎల్‌హెచ్‌బీ కొస 6 మి.మీ. పోతుంది, స్మాల్ మీద ఐసీఎఫ్ కన్నా తక్కువ. ఒక్కో పాయింటు స్మాల్ కన్నా 34 మి.మీ. ఎక్కువ పొడుగు, కాబట్టి లూప్‌ల ఒక బోగీ తగ్గించాలె. అసలు రేక్ పూర్తిగ పెడితే ఎట్లాగూ ఆరున్నర మీటర్లు కావాలె, ఒకటి తగ్గితే పోయేదేం లేదు.

పార్సిల్ వచ్చేదాకా ఖాళీగ ఉండుడెందుకని మహబూబ్‌నగర్ మీటర్‌గేజ్ కాలం బోర్డు గీస్తున్న. సికింద్రాబాద్ నుంచి మహబూబ్‌నగర్ దాకా డబుల్ లైను 2023ల అంకితమైంది గానీ, నాకు కావాల్సింది వైపీ ఆవిరి ఇంజన్లు పొగ వదిలిన రోజులు. స్కేలు కూడా అక్కడే బాగా కుదురుతది. మీటర్‌గేజ్ 87తో భాగిస్తే 11.5, దొరికే పట్టా 12 మి.మీ. అదే మన బ్రాడ్‌గేజ్ 1676 మి.మీ.కి 19.3 ఉండాలె, మనమంతా 16.5 మీద నడిపి సర్దుకుంటున్నం. ఎవరి దగ్గరన్న వాడని 12 మి.మీ. పాయింట్లుంటే చెప్పుండ్రి, ఎడమ చేతివి రెండు కావాలె.