ఖాళీ వదిలితే అర్థం మారిపోయే భాష

ఓస్లోలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగానికి ఇంగ్లీషు చాలంటారు. మీటింగుల వరకు నిజమే. కానీ మనం కట్టే స్క్రీన్లు చదివేది నార్వే జనం. వాళ్ల నార్వేజియన్ భాషలో మాటలు రైలుపెట్టెల్లా ఒకదానికొకటి తగులుకుని సాగుతాయి, ఫోన్ స్క్రీనేమో అరచేతి వెడల్పు. నా పనిలో సగం తగాదా అక్కడే.

ప్రతి యాప్‌లోనూ ఉండే ప్రైవసీ పాలసీ పేజీనే తీసుకోండి. దాన్ని వీళ్లు ‘పెర్సూన్‌వెర్న్‌ఎర్క్లేరింగ్’ అంటారు. వ్యక్తి, రక్షణ, ప్రకటన: మూడు మాటలు, 19 అక్షరాలు, మధ్యలో ఖాళీ లేదు. బటన్‌లో పట్టకపోతే ఎక్కడో ఒకచోట విరగ్గొట్టి కింది లైనుకి దింపాలి. మన పత్రికల్లో అయితే లైను ఎక్కడ నిండితే అక్కడ మాటని తెంపేస్తారు, చాలాసార్లు చిన్న గీత కూడా పెట్టరు, మనం చదివేసుకుంటాం. ఇక్కడ అలా కుదరదు. సమాసాన్ని అతుకు దగ్గరే విరవాలి.

ఆ అతుకు ఎక్కడుందో మెషీన్‌కి తెలియదు. ఒకసారి మా స్క్రీన్ మీద ‘బీల్‌డేలింగ్’ అనే మాట రెండు లైన్లకి పోయింది. బీల్ అంటే కారు, డేలింగ్ అంటే పంచుకోవడం. ఒకే కారుని పదిమంది వంతులవారీగా వాడుకునే పద్ధతికి అదీ పేరు. కానీ దాని మొదటి అక్షరాలనే విడిగా చదివితే ‘బిల్డె’, అంటే బొమ్మ. మెషీన్ సరిగ్గా అక్కడే విరిచింది: పైన ‘బొమ్మ’, కింద అర్థం లేని ‘లింగ్’. టెస్టింగ్ చూసే బెర్గెన్ అమ్మాయి నా దగ్గరికొచ్చి, ‘కార్ల పేజీలో ఈ బొమ్మ ఎవరిది?’ అని అడిగింది. అప్పట్నుంచి పొడుగాటి మాటలన్నిటికీ అతుకు దగ్గర కనపడని హైఫన్ ఒకటి చేత్తో పెడుతున్నాం. లైను విరిగితేనే అది బయటపడుతుంది.

అతుకులకీ పద్ధతులున్నాయి. ‘అర్బైడ్స్‌యీవెర్’ అంటే పని ఇచ్చేవాడు, అంటే యజమాని. ‘అర్బైడ్స్‌టాకెర్’ అంటే పని తీసుకునేవాడు, అంటే నేను. మధ్యలో ఉన్న ఎస్ జిగురులాంటిది. విరిచినప్పుడు అది ముందు ముక్కతోనే ఉండాలి. అన్నిటికీ ఈ జిగురు రాదు. వైన్ గ్లాసు ‘వీన్‌గ్లాస్’, జిగురు లేదు. అదే రెడ్ వైన్ గ్లాసైతే ‘రోవీన్స్‌గ్లాస్’. ముందు ముక్కే ఒక సమాసమైతే తరచుగా ఎస్ దిగుతుంది. ఇంకో తమాషా: బస్సుని రెండు ఎస్‌లతో రాస్తారు, డ్రైవర్ అనే అర్థమున్న ‘షోఫోర్’ స్పెల్లింగూ ఎస్‌తోనే మొదలు. రెండూ కలిస్తే మూడు ఎస్‌లు కావాలి గానీ ఒకటి మింగేస్తారు. లైను చివర విరిస్తే మాత్రం మింగినది మళ్లీ బయటికి రావాలి. దీనికోసం రాసిన కోడ్ చూసి మా టీంలో నార్వేవాళ్లే నవ్వారు.

విరవడం ఒక తలనొప్పి అయితే, కలపాల్సినచోట ఖాళీ వదలడం ఇంకో తలనొప్పి. మనం ‘ప్రభుత్వ పాఠశాల’ని విడదీసి రాసినా కలిపి రాసినా అదే బడి. ఇక్కడ ‘రోయ్క్‌ఫ్రిట్’ కలిపి రాస్తే పొగ తాగరాని చోటు, విడదీస్తే ‘హాయిగా పొగ తాగు’. ‘లమ్మెలోర్’ కలిపితే గొర్రెపిల్ల తొడ మాంసం, విడదీస్తే చచ్చుబడిన తొడలు. సూపర్‌మార్కెట్ బోర్డుల్లో ఇలాంటివి దొరికితే ఫొటో తీసి ఒకరికొకరు పంపుకోవడం ఇక్కడివాళ్లకి సరదా. తప్పంతా ఇంగ్లీషు ప్రభావానిదే అని తిట్టుకునేవాళ్లూ ఉన్నారు. పలికేటప్పుడు మాత్రం ఈ గొడవ లేదు. సమాసంలో ఒత్తు మామూలుగా మొదటి ముక్క మీద పడుతుంది కాబట్టి చెవికి తేడా తెలిసిపోతుంది.

మనకి కలిసొచ్చేదీ ఒకటుంది. మన తత్పురుషలో లాగే ఇక్కడా పెత్తనం చివరి మాటదే. ‘హూస్’ అంటే ఇల్లు, నపుంసకలింగం. కాబట్టి ‘సీకెహూస్’, అంటే ఆసుపత్రి కూడా నపుంసకలింగమే. హూస్‌తో ముగిసే మాటలన్నిటికీ ఒకే లెక్క. పైగా సంధి బెడద లేదు. రవి, ఇంద్రుడు కలిసి రవీంద్రుడు అయినట్టు ఇక్కడ అచ్చులు కరిగిపోవు. కొత్తగా వచ్చినవాళ్లకి నేను చెప్పేది, పొడుగాటి మాట కనపడితే వెనకనుంచి చదవమని.

ఇప్పుడు ఇదే యాప్ నూనోర్స్క్‌లోనూ కావాలట. అది ఈ దేశపు రెండో రాత భాష. అందులో సీకెహూస్ కాదు, షూకెహూస్. అతుకుల జాబితా మళ్లీ మొదటినుంచి రాస్తున్నాం.