నష్టాల కింద ఒక్క దోమలేనా?

పదకొండు దాటింది, పడుకోవాలి. కానీ ఫ్రిజ్ తలుపు మీద అయస్కాంతం కింద ఈయన తగిలించిన కాగితం పడుకోనివ్వడం లేదు. మధ్యలో నిలువుగా గీత. ఎడమ పక్క లాభాలు, నంబర్లు వేసి మరీ: మంచి గాలి, మందు కొట్టని కూరలు, అమ్మకి నడవడానికి చోటు, పిల్లలకి కాస్త మట్టి, రేటు పెరుగుదల... కాగితం అడుగుదాకా ఉంది. కుడి పక్క నష్టాలు. అక్కడ ఒకే ఒక్క మాట. 'దోమలు'.

వికారాబాద్‌లో ఫామ్ ప్లాటు కొని, వారాంతాలకి వెళ్ళి ఉండటానికి ఇల్లు కట్టుకుందామన్న గొడవ ఇంకా చల్లారలేదన్నమాట.

దోమలకేం, మెష్ తలుపు వేస్తే సరి. పగలంతా జనం తెచ్చే ఇళ్ళ కాగితాలు తిరగేసే ఉద్యోగం చేసేదాన్ని ఇంట్లో పెట్టుకుని, ఆ ఒక్క మాటా రాసి పెన్ను మూత పెట్టేశారంటే నాకు మండదా?

సరే, ముందు లెక్క. ఐదు గుంటలు. గుంటకి 121 గజాలు, అంటే 605 గజాలు. గజం 8 వేలంటున్నాడు ఏజెంటు, కాబట్టి 48 లక్షల 40 వేలు. స్టాంపు డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి తెలంగాణలో 2021 జూలై నుంచి ఏడున్నర శాతం. ఉన్న ధర ఉన్నట్టు రాయిస్తే 3 లక్షల 63 వేలు. వెయ్యి చదరపు అడుగుల ఇల్లు, అడుగుకి 2,200 వేసుకున్నా 22 లక్షలు. బోరు, ప్రహరీ, గేటు, కరెంటు స్తంభాలు, సెప్టిక్ ట్యాంకు కలిపి ఎంత పిసినారిగా కట్టినా 6 లక్షలు. మొత్తం 80 లక్షల మాట.

ఆ 80 లక్షలు ఎఫ్‌డీలో పడేసి, వడ్డీ ఏడు శాతం అనుకుంటే ఏడాదికి 5 లక్షల 60 వేలు వస్తాయి. అవి రావు కాబట్టి అదీ ఖర్చే. కాపలా ఉండే కుటుంబానికి నెలకి 15 వేలు, కరెంటు, రిపేర్లు, ఎరువులు అన్నీ కలిపి ఇంకో 7 వేలు అనుకుంటే ఏడాదికి 2 లక్షల 64 వేలు. రెండూ కలిపి 8 లక్షల 24 వేలు. నెలకి రెండు వారాంతాల చొప్పున క్రమం తప్పకుండా వెళ్ళామే అనుకుందాం, ఏడాదికి 24. ఒక్కో వారాంతం 34 వేల పైచిలుకు పడింది. అనంతగిరి కొండల పక్కన రాత్రికి 6 వేలు పెడితే శుభ్రమైన గది ఇస్తారు, పొద్దున్నే ఇడ్లీ కూడా పెడతారు.

ఇంతవరకూ రాసి గెలిచాననుకున్నా. తర్వాత ఏమైందో కింద చెప్తా. ముందు అసలు మంట సంగతి.

"స్పాట్ రిజిస్ట్రేషన్ సార్, పాస్‌బుక్ మీ పేరు మీదనే వస్తది" అన్నాడట ఏజెంటు. పాస్‌బుక్ అన్న మాట వినగానే ఈయనకి తాను రైతునైపోయానన్న సంబరం. అసలు గుంటల్లో అమ్ముతున్నారంటేనే కాగితాల మీద అది ఇంకా చేనే అని అర్థం. లేఔట్‌కి అనుమతి తెచ్చుకుంటే రోడ్లకీ పార్కుకీ స్థలం వదలాలి, దాన్ని పంచాయతీకి రాసివ్వాలి, కాలవలూ కరెంటూ వేయాలి. అదంతా మిగుల్చుకోవడానికే గజాలు గుంటలవుతాయి. బ్రోచర్‌లో 33 అడుగుల రోడ్డుంది, అటూ ఇటూ ఈతచెట్లు కూడా ఉన్నాయి. ఆ రోడ్డు ఎవరి పేరున ఉంది? చాలాసార్లు అమ్మినవాడి పేరునే ఉండిపోతుంది. పదేళ్ళ తర్వాత ఆయన కొడుకు వచ్చి, ఇది మా పట్టా భూమి అని కడ్డీలు పాతితే ఎక్కడికి పోతాం? దారి హక్కు మన దస్తావేజులోనే హద్దులతో సహా రాసి ఉండాలి. 'ఉత్తరం: రోడ్డు' అని ఒక్క ముక్క రాస్తే చాలదు.

నాలా మార్పిడి (చేనుని వ్యవసాయేతర భూమిగా మార్పించుకోవడం), ప్లాను అనుమతి లేకుండా కట్టిన ఇంటికి హోమ్ లోన్ రాదు. మనకు అక్కర్లేదంటారు ఈయన. మనకు అక్కర్లేదు, సరే. రేపు మన దగ్గర కొనేవాడికీ రాదుగా. 80 లక్షలు చేతిలో పట్టుకుని వచ్చేవాళ్ళెంతమంది? 'రేటు పెరుగుదల' ఎదురుగా ఈ ముక్క రాయాలని తోచలేదు. పైగా ఐదు గుంటల చేను మీద ఇచ్చే వ్యవసాయ కరెంటు కనెక్షన్‌తో ఇంట్లో ఏసీ నడిపితే, 2003 విద్యుత్ చట్టం 126వ సెక్షన్ కింద రెట్టింపు టారిఫ్‌తో బిల్లు చేతిలో పెడతారు. ఇంటికి ఇంటి కనెక్షనే తీసుకోవాలి.

హక్కుల సంగతి ఇంకో పురాణం. అదంతా పాత హైదరాబాద్ రాష్ట్రపు భూమి. ఈసీ, అంటే ఆ భూమి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల చిట్టా, ఆన్‌లైన్‌లో 1983 నుంచి తీసి, "క్లియర్ మేడమ్" అంటారు. ఈసీలో రిజిస్టరైన లావాదేవీలే కనిపిస్తాయి. 1954-55 ఖాస్రా పహాణీలో, అంటే అప్పటి రెవెన్యూ భూమి రికార్డులో, పట్టాదారు ఎవరు, అక్కణ్ణుంచి ఇవాళ అమ్ముతున్నవాడిదాకా గొలుసు తెగకుండా వచ్చిందా అన్నది చూడాలి. పాత పహాణీలో రక్షిత కౌలుదారు పేరుంటే ఆ కౌలుదారుకి యాజమాన్యం ఇచ్చే 38-ఇ సర్టిఫికెట్ ఎవరికిచ్చారో తేల్చాలి. ఇనాం భూమైతే ఓఆర్‌సీ (ఆక్యుపెన్సీ హక్కు పత్రం) ఉందా? అసైన్డ్ భూమైతే, అంటే పేదలకి సర్కారు ఇచ్చినదైతే, 1977 చట్టం ప్రకారం ఆ అమ్మకమే చెల్లదు, ఎన్ని చేతులు మారినా సరే. వక్ఫ్, భూదాన్, సీలింగ్ మిగులు భూములు ఉండనే ఉన్నాయి. నిషేధిత జాబితాలో సర్వే నంబరు కొట్టి చూడటానికి ఐదు నిమిషాలు పట్టదు, ఆ సర్వే నంబరేదో మన చేతికిస్తే.

మొయినాబాద్, శంకర్‌పల్లి వైపు చూపించేవాళ్ళది ఇంకో పాట: "111 ఎత్తేసిండ్రు కద!" 1996 నాటి ఆ జీవో ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ చుట్టూ 84 గ్రామాల్లో కట్టడాల్ని ఆపింది, 2022లో 69వ జీవో దాన్ని సడలించింది. దానివల్ల చెరువులూ కుంటలూ ఎక్కడికీ పోలేదు. పది హెక్టార్లు, ఆ పైనున్న చెరువైతే ఎఫ్‌టీఎల్ (చెరువు నిండా ఉన్నప్పుడు నీళ్ళు వచ్చే మేర) హద్దు నుంచి 30 మీటర్లు, చిన్న కుంటైతే 9 మీటర్లు వదలాలని 2012 నాటి 168 జీవో చెబుతూనే ఉంది. ఎండాకాలంలో సైట్ చూపిస్తే కుంట కూడా మైదానంలాగే కనిపిస్తుంది. చెరువుల ఆక్రమణలు కూల్చే హైడ్రా బుల్‌డోజర్లని టీవీలో చూసి కూడా జనం ఏప్రిల్లోనే అడ్వాన్సులిస్తారు.

మా మరిదికైతే అరకులో కాటేజీ కావాలట. షెడ్యూల్డ్ ప్రాంతంలో గిరిజనేతరులు భూమి కొనడానికి వీల్లేదు, 1/70 చట్టం అడ్డు. లంబసింగి అయినా అంతే. గిరిజనుడి పేరున రాయించుకుని లోపల ఒప్పందం చేసుకుందామనే మేధావులున్నారు. ఆ కాగితం పప్పులో ఉప్పుకి కూడా పనికిరాదు, పైగా చేసేది తప్పుడు పని. ఆ టాపిక్ అక్కడితో సరి.

ఇలాంటి మాటలు వస్తే నాకు గుర్తొచ్చేది పెదనాన్నగారి భీమిలి ఇల్లు. రిటైరవ్వకముందే కట్టించారు, సెలవులకి అందరూ వచ్చి ఉండాలని. ఆ ఇంట్లో మొదట పోయింది తాళం. ఉప్పుగాలికి లోపల స్ప్రింగు పట్టేసి, కొబ్బరినూనె పోస్తే ఒక వేసవి పనిచేసింది. తర్వాత కిటికీ మడత బందులు, తర్వాత ఫ్యాన్ బేరింగులు. ఆ తర్వాత స్విచ్‌బోర్డుల్లో రాగి తీగ పచ్చగా చిలుం పట్టి, లైటు వేస్తే చిటపటమని చప్పుడు. ఇవన్నీ మార్చుకోదగ్గవే. మార్చుకోలేనిది స్లాబు. పూరీ పొంగినట్టు అడుగున పెచ్చు ఉబ్బి, ఓ రోజు భోజనాల బల్ల మీద రాలింది. ఉప్పు కాంక్రీటులోకి దిగి ఊచకి తుప్పు పడుతుంది, తుప్పు పట్టిన ఊచ లావెక్కి కాంక్రీటుని బయటకు నెడుతుంది. సముద్రపు గాలి తగిలేచోట ఊచ కింద కవర్, అంటే ఊచని కప్పే కాంక్రీటు మందం, 45 మిల్లీమీటర్లుండాలి. మేస్త్రీ ఊళ్ళో ఇళ్ళకి వేసినట్టే 20 వేశాడు. పైన సిమెంటు పూస్తే రెండేళ్ళు, మళ్ళీ పూస్తే ఏడాది. తుప్పు తోమకుండా పైన ఎంత పూసినా అంతే.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చింది. టెర్రస్ మీది నీళ్ళ ట్యాంకు పక్క వీధిలో దొరికింది. కాపలా అతని ఫోను కలవదు, రోడ్ల మీద చెట్లు, పెదనాన్న హైదరాబాద్‌లో కూర్చుని టీవీ చూడటమే. ఇల్లు నిలబడి ఉందని తెలియడానికే రోజులు పట్టింది. చివరికి స్థలం ధరకే అమ్మేశారు. ఇల్లు ఉన్నందుకు కూల్చే ఖర్చు తగ్గించుకున్నాడు కొన్నాయన.

వికారాబాద్‌లో ఉప్పుగాలి లేదు కదా అంటారు ఈయన. లేదు. మూసేసిన ఇంటి జబ్బులు మాత్రం ఎక్కడైనా ఒకటే. వాడకపోతే బాత్రూమ్ ట్రాపుల్లో నీళ్ళు ఆవిరైపోయి, సెప్టిక్ ట్యాంకు కంపూ బొద్దింకలూ నేరుగా ఇంట్లోకి వస్తాయి. తాళం వేసే ముందు ప్రతి జాలీలో చెంబుడు నీళ్ళు పోసి, మీద రెండు చెంచాల వంటనూనె వేస్తే ఆ నీళ్ళు తొందరగా ఆరవు. ఫ్రిజ్ ఆపితే తలుపుకి గుడ్డ అడ్డం పెట్టి తెరిచే ఉంచాలి, లేకపోతే బూజు. సబ్‌మెర్సిబుల్ మోటారుని నెలల తరబడి ఆపేస్తే ఒండ్రు చేరి ఇంపెల్లర్ బిగుసుకుంటుంది. మళ్ళీ స్విచ్ వేసేసరికి గుర్రుమని వైండింగు కాలుతుంది. వారానికోసారి పది నిమిషాలు తిప్పించాలి. ఇన్వర్టర్ బ్యాటరీ ఊరికే ఉన్నా చార్జి దిగిపోతుంది, అలా ఉంచేస్తే పలకలు పాడవుతాయి. జూన్ రాకముందే టెర్రస్ గొట్టాల్లో ఆకులు తీయకపోతే నీళ్ళు నిలిచి స్లాబు చెమ్మ. ఎర్రమట్టిలో చెదల సంగతి వేరే చెప్పాలా, పునాదిలోనే మందు కొట్టించాలి. తర్వాత కొట్టాలంటే గోడా నేలా కలిసేచోట అడుగడుక్కీ డ్రిల్లింగు. అంటే వెళ్ళిన ప్రతిసారీ శనివారం మధ్యాహ్నం దాకా ప్లంబరు, ఆదివారం మధ్యాహ్నం నుంచి సర్దుడు. మధ్యలో మిగిలింది సెలవు.

ఇదంతా రాశాక, గెలిచిన ఆ లెక్క మళ్ళీ చూశాను. అందులో నేనూ ఈయనే ఉన్నాం, ఒక్క గదిలో. మేం కదిలితే ఏడుగురం. మూడు గదులు, రెండు రాత్రులు, 6 వేల చొప్పున 36 వేలు, పైన భోజనాలు. నా 34 వేల కంటే ఎక్కువే. అత్తయ్యగారికి కమోడ్ ఎత్తుగా ఉండాలి, రాత్రి పది తర్వాత వేడినీళ్ళు కావాలి, మడి వంట సరే సరి. రిసార్టులో అవేవీ జరగవు. ఈయన కాగితం మీద 'అమ్మకి నడవడానికి చోటు' అన్న పాయింటు నిజమైన పాయింటే. మా ఫ్లాటు కారిడార్‌లో ఆవిడ గోడ పట్టుకుని నడుస్తుంటే నేనూ చూస్తున్నాగా.

అయినా 24 వారాంతాలూ ఏడుగురం వెళ్తామా? పెద్దాడికి శనివారం క్లాసులున్నాయి. దారిలో అప్పా జంక్షన్ నుంచి మన్నెగూడ దాకా ఆ రోడ్డు, ఆదివారం సాయంత్రం తిరుగు ట్రాఫిక్... 24 కాస్తా 10 అయితే వారాంతం 82 వేలు.

అందుకని నా మాట ఇది. ఆ చుట్టుపక్కల కట్టి ఉన్న ఇల్లొకటి పదకొండు నెలల అగ్రిమెంటు మీద అద్దెకి తీసుకుందాం. జూన్లో మొదలుపెడితే వానా చూస్తాం, ఏప్రిల్లో బోరు ఎంత పోస్తుందో చూస్తాం, అసలు ఎన్నిసార్లు కదులుతున్నామో తెలుస్తుంది. అప్పటికీ మోజు తీరకపోతే, అప్రూవ్డ్ లేఔట్‌లో చిన్న ముక్క, ఇంటి అనుమతితో. గజం ధర ఎక్కువైనా సరే. రాత్రి భోజనాల దగ్గర ఇదే చెప్పా. "అద్దె నేలలో మామిడి మొక్క ఎలా పెడతామమ్మా, అంటు మొక్కైనా కాపుకి నాలుగేళ్ళు" అన్నారు అత్తయ్యగారు. దానికి నా దగ్గర జవాబు లేదు. కుండీలో నిమ్మ పెడదామన్నా. ఆవిడ నవ్వలేదు.

ఈలోగా ఈయన చేత ఏజెంటుకి మెసేజ్ పెట్టించా: సర్వే నంబరు, లింకు డాక్యుమెంట్లు (పాత అమ్మకాల దస్తావేజులు), ఖాస్రా పహాణీ నకలు, రోడ్డు ఎవరి పేరున ఉందో. సర్వే నంబరు అడిగితే గూగుల్ లొకేషన్ పంపాడు. రేపు మళ్ళీ అడిగిస్తా.