చిన్నతాత వయసు పద్నాలుగు

ఊళ్లో మాకు మిగిలిన రెండెకరాల మెట్టచేను పోయిన వేసవిలో అమ్మకానికి పెట్టాం. కొనేవాళ్ల లాయరు లింకు డాక్యుమెంట్లు, అంటే చేను ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో చూపే పాత కాగితాలు, అడిగాడు. అటక మీది ట్రంకు పెట్టె దించితే ఆయన అడిగిన కాగితాలకంటే అడగనివే ఎక్కువ దొరికాయి. శిస్తు రసీదులు, ఎవరివో రెండు జాతకాలు, అన్నింటికీ అడుగున నాలుగు మడతలు పెట్టిన ఒక నకలు. నెత్తిన రాజు తలకాయ ముద్ర. 'నెల్లూరు జిల్లా, కందుకూరు తాలూకా' అని మొదలైంది. మా ఊరు కదలకుండానే 1970లో ప్రకాశం జిల్లాలోకి వెళ్లి, 2022లో మళ్ళీ నెల్లూరుకొచ్చింది. ఆ కాగితం మాత్రం ఎప్పుడూ నెల్లూరే.

గొలుసుకట్టు రాత. మూడో వరస దాటేసరికి నా వల్ల కాలేదు. కందుకూరులో ఒక ముసలి దస్తావేజు లేఖరి ఉన్నాడు, ఆయన దగ్గరికి పట్టుకెళ్లాను. కళ్లజోడు పైకి నెట్టి, కాగితాన్ని ముక్కుకు ఆనించినంత దగ్గరగా పెట్టుకుని గడగడా చదివేశాడు.

అది 1933లో మా తాత ఆరెకరాల నలభై సెంట్లు అమ్మిన క్రయ దస్తావేజు.

ఆ చేను సంగతి మా ఇంట్లో అందరికీ తెలుసు. అంటే, తెలుసనుకున్నాం. మన్నేటి వైపు నల్లరేగడి చేను, జొన్న వేస్తే మనిషి కనపడనంత ఎత్తు పెరిగేది, దాన్ని చిన్నతాత పేకాటలో తగలేశాడు. ఇంతే కథ. పండక్కి నలుగురు చేరితే ఎవరో ఒకరు ఎత్తేవాళ్లు. నేను పుట్టేసరికి చిన్నతాతకు యాభై ఏళ్లుంటాయి. వేపచెట్టు కింద బీడీల పందెం పెట్టి పేకాడేవాడు, అది నేను కళ్లారా చూశాను. కాబట్టి నమ్మడానికి నాకేం కష్టం కాలేదు.

లేఖరి చదువుతూ చదువుతూ, "తాను స్వయముగాను, మైనరు తమ్మునికి గార్డియనుగాను" అన్నాడు. మళ్ళీ చదవమన్నాను. "మైనరు, వయస్సు సుమారు 14 సంవత్సరములు."

దస్తావేజులో ఏదైనా రాయించుకోవచ్చు కదా అన్నాను. ఆయన నవ్వాడు. "కొనేవాడికి మైనరు భాగమంటేనే టెన్షన్ బాబూ. రేపు పెద్దయ్యాక నా భాగం నాకిమ్మని కోర్టుకెక్కుతాడేమోనని. అబద్ధమే రాసేటట్టయితే పద్దెనిమిది దాటించి రాసి, ఒక సంతకం పెట్టించుకుని పోయేవాళ్లు."

డబ్బు లెక్క కూడా అందులోనే ఉంది. మొత్తం 775 రూపాయలు. మా ముత్తాత 1927లో నోటు మీద తెచ్చిన అప్పు 400, నూటికి నెలకు రూపాయి వడ్డీ. ఆయన పోయాక 1930లో వడ్డీని అసల్లో కలిపి 544కు తిరగరాశారు. 1933కి అది 739 రూపాయల 13 అణాలైంది. శిస్తు బకాయి 10 రూపాయల 3 అణాలు. రెండూ కలిపి సరిగ్గా 750. చేతికొచ్చిన రొక్కం 25. కొన్నవాడూ అప్పిచ్చినవాడూ ఒకడే.

1930 తర్వాత పంట ధరలు పడిపోయిన రోజులు అవి. గింజల ధర సగానికి పడితే శిస్తు కట్టడానికి రెండింతలు గింజలు అమ్మాలి, శిస్తేమో గింజల ధరతో పాటు పడదు. ఇంకో ఐదేళ్లు ఎలాగో నెట్టుకొచ్చుంటే చేను దక్కేదేమో. 1938లో మద్రాసులో రాజాజీ ప్రభుత్వం రైతు రుణ విమోచన చట్టం తెచ్చింది. 1932 అక్టోబరు 1కి ముందు చేసిన అప్పులకు, 1937 అక్టోబరు 1 దాకా పేరుకున్న వడ్డీ కొట్టేసి అసలు కడితే చాలంది. కానీ ఆ అప్పిచ్చినోడు ఐదేళ్లు ఆగేవాడా.

అప్పు దేనికి చేశారంటే 'మా చెల్లెలి వివాహ ఖర్చుల నిమిత్తము' అని ఉంది. ఈ మాట నేను పూర్తిగా నమ్మను. మైనరు భాగం కూడా అమ్ముతున్నప్పుడు కుటుంబ అవసరానికే అమ్మామని చూపించాలి. పెళ్లి అని రాస్తే ఎవరూ కాదనరు. ఇంతకీ ఎవరి పెళ్లి పేరు చెప్పి చేను అమ్మారో ఆ తాత చెల్లెలి వేలిముద్ర ఎక్కడా లేదు. కొడుకులుండగా కూతురికి భాగం లేని కాలం, ఆమెను అడగాల్సిన పనే లేదు. మా ముత్తవ్వకూ భాగం లేదు, తిండీ బట్టా మాత్రమే. 1937లో విధవలకు హక్కిస్తూ చట్టం వచ్చినా, మద్రాసు రాష్ట్రంలో అది సాగుభూమికి వర్తించింది 1947లోనే. ముత్తవ్వ కోసం దస్తావేజులో ఒకటే వాక్యం ఉంది: ఉత్తరపు గట్టు మీది చింతచెట్టు ఫలసాయం ఆమె బతికున్నంతకాలం ఆమెదే. దాని కింద ఆమె నిశాని, సంతకం బదులు పెట్టే గుర్తు. అష్టభోగాలతో, అంటే భూమి మీది అన్ని హక్కులతో సహా ఇచ్చేసిన చేలో ఒక్క చెట్టు ఆపుకుంది మహాతల్లి.

మడిచి ఇవ్వబోతూ లేఖరి చివరి పేజీ వెనక చూశాడు. నకలు కోరినవారి పేరు, తేదీ రాసున్నాయి. పేరు చిన్నతాతది. సంవత్సరం 1940.

"దావా వేసే ఆలోచన ఉన్నవాళ్లే ఇలాంటి నకళ్లు తీసుకునేది" అన్నాడాయన.

అంటే ఇరవయ్యొక్కేళ్ల వయసులో కందుకూరు వెళ్లి, డబ్బు కట్టి నకలు తీసుకుని, అంతా చదువుకుని, తెచ్చి ఉమ్మడి ఇంటి పెట్టెలో అడుగున పెట్టాడు. దావా వెయ్యలేదు. పేకాట అన్నప్పుడల్లా బీడీ వెలిగించుకున్నాడు. మా తాత ఆ మాటను ఖండించగా నేనెప్పుడూ వినలేదు. దస్తావేజు మీద సంతకం పెట్టింది ఆయనే.

చిన్నతాత కూతురు, మా అత్త, సింగరాయకొండలో ఉంటుంది. ఎనభై ఏళ్లు. జెరాక్స్ తీసుకెళ్లి చదివి వినిపించాను. చింతచెట్టు దగ్గర నవ్వింది. ఎండాకాలం రాగానే వాళ్ల నాయన గోతాంతో పోయి చింతకాయ దులుపుకొచ్చేవాడట, ముత్తవ్వ పోయేదాకా.

"నాయన వయసు ఎంతని రాసుందిరా?"

"పద్నాలుగు, అత్తా."

"ఇంకోసారి చదువు."

చదివాను.

"మా అన్నకు తెలుసా ఇది?"

"మా నాయనకు తెలీదత్తా."

"మీ తాతకు?"

నేనేం మాట్లాడలేదు. ఆమె జెరాక్స్ కాగితం అందుకుని, ఉన్న మడతల మీదే జాగ్రత్తగా మడిచి, మంచం పక్క మందుల డబ్బా కింద పెట్టుకుని, మజ్జిగ తాగి వెళ్లమంది.