అక్కకు జ్వరం, మాకు డ్యూటీలు

పొద్దున్నే ల్యాబ్ కుర్రాడొచ్చి అక్క రక్తం తీసుకెళ్లాడు. ప్లేట్‌లెట్లు నిన్నటికన్నా కాస్త పెరిగాయట. డెంగీలో జ్వరం తగ్గే రోజుల్లోనే అసలు జాగ్రత్త పడాలని డాక్టర్ చెప్పడంతో తార్నాకలోని మా ఫ్లాట్ డ్యూటీల మీద నడుస్తోంది. ఒకడు కొబ్బరిబోండాలు తెస్తాడు, ఒకామె రాత్రి మేలుకుంటుంది, జావ నా వంతు. మాలో ఎవరికీ ఎవరితో చుట్టరికం లేదు. అక్క ట్రాన్స్ మహిళ. మా వాళ్లు నన్ను ఇంట్లోంచి పొమ్మన్నప్పుడు చేరదీసింది ఆవిడే.

అక్క నిద్రపోయాక ‘పోజ్’ మళ్లీ పెట్టుకున్నా. 2018లో మొదలై 2021లో ముగిసిన అమెరికన్ సీరియల్. కథ 1987 న్యూయార్క్‌లో మొదలవుతుంది. తనకు హెచ్ఐవీ ఉందని తెలిశాక బ్లాంకా అనే ట్రాన్స్ మహిళ సొంతంగా ఒక ‘హౌస్’ పెట్టి, నా అన్నవాళ్లు లేని కుర్రకారుకు తల్లవుతుంది. అందరికీ బాల్ పోటీలు (వేషాలు కట్టి, డాన్సులు చేసి హౌస్‌లు తలపడే వేడుకలు), ట్రోఫీలు గుర్తుంటాయి. నాకు మాత్రం ఆవిడ సతాయింపు ఇష్టం: వేళకు ఇంటికి రా, చదువుకో, డ్రగ్స్ జోలికి పోకు. గురువు దగ్గర చేలాలు, అంటే శిష్యులు, కలిసుండే మన హిజ్రాల ఇళ్లు తెలిసినవాళ్లకు ఈ పద్ధతి కొత్తేం కాదు. తిట్లూ అక్కడే, అన్నమూ అక్కడే. (సంపాదనలో వాటాల పేచీలూ ఉంటాయి, అంతా ప్రేమేనని చెప్పను.)

‘ఇట్స్ ఎ సిన్’ అనే బ్రిటిష్ సీరియల్ మీద మాత్రం నాకు కొంచెం కోపం. 1980ల లండన్‌లో ఎయిడ్స్ బారిన పడ్డ స్నేహితులకు జిల్ అనే అమ్మాయి సరుకులు మోస్తుంది, ఆసుపత్రుల్లో కూర్చుంటుంది. జబ్బు గురించి ఏమీ తెలియని మొదటి రోజుల్లో, స్నేహితుడు తాగిన కప్పును ఎంత తోమినా భయం పోక పగలగొట్టేస్తుంది. ఆ సీన్ అబద్ధమాడదు. కానీ ఐదు ఎపిసోడ్లలోనూ ఆమెకంటూ ఓ బతుకు కనబడదు. జిల్‌కు జ్వరమొస్తే జావ ఎవరు కాస్తారు?

మా ఇంట్లో ఇన్నాళ్లూ అక్కే జిల్. పడుకోమంటే గొడవ. “నా కంచం నేను కడుక్కోలేనా?” అని సింకు దాకా వచ్చేసింది.

మొన్న ఆసుపత్రి కౌంటర్‌లో “మీరేమవుతారు?” అనడిగితే “చెల్లెల్ని” అన్నా. ఆధార్‌లో ఇంటిపేర్లు కలవలేదని కాసేపు నిలబెట్టారు. పెళ్లొక్కటే కుటుంబానికి దారి కాదని, ఎంచుకున్న కుటుంబమూ కుటుంబమేనని మద్రాసు హైకోర్టు 2025 మేలో చెప్పింది. ఆ కబురు కౌంటర్ దాకా రాలేదు. స్వలింగ వివాహాలకు 2023లో సుప్రీంకోర్టు కాదందన్న సంగతి మాత్రం అందరికీ తెలుసు.

రాత్రి రేపటి డ్యూటీలు వాట్సాప్‌లో పెడితే “మధ్యాహ్నం వంట నాది” అని అక్క మెసేజ్. అందరం ఒక్కమాట మీదికొచ్చి ఆవిణ్ని గ్రూప్‌లోంచి తీసేశాం, ప్లేట్‌లెట్లు లక్ష దాటేదాకా.