ఉబ్బి ఇరుక్కున్న సెంటర్‌బోర్డ్: నేను బాగుచేసిన తీరు

హుస్సేన్ సాగర్‌లో ఎంటర్‌ప్రైజ్ (ఇద్దరు నడిపే చిన్న తెరచాప పడవ) నడిపేవాళ్లకు తెలిసిన చిక్కే. సెంటర్‌బోర్డ్ అంటే పడవ పక్కకు కొట్టుకుపోకుండా అడుగునుంచి నీళ్లలోకి దించే పలక. ఎదురుగాలికి వెళ్లినంతసేపూ ఏ గొడవా ఉండదు. మార్కు (పందెంలో చుట్టి రావాల్సిన బోయ్) తిరిగి గాలివాటుకు వచ్చాక బోర్డ్ ఎత్తబోతే సగంలో ఆగిపోతుంది. బలవంతంగా లాగితే పిడి ఊడొస్తుంది.

నేను ముందు పడవను పాత టైర్ల మీద పక్కకు పడుకోబెట్టి స్లాట్, అంటే బోర్డ్ దిగే అడుగు చీలిక, చూశాను. ఒడ్డున ఈడ్చినప్పుడు దూరిన గులకరాయి అయితే పలుచని చెక్కబద్దతో గీకితే వచ్చేస్తుంది. ఇనుప చువ్వ మాత్రం వద్దు, కేసు (బోర్డ్ పైకి మడుచుకునే పెట్టె) లోపలి పూత లేచిపోతుంది. నా పడవలో రాయి లేదు. స్లాట్ అంచున ఉండే గాస్కెట్ పట్టీ చిరిగి లోపలికి మడత పడింది గానీ, అసలు దోషం దానిది కూడా కాదు. వెర్నియర్ పెట్టి కొలిస్తే పివట్ రంధ్రం (బోర్డ్ తిరిగే బోల్ట్ దూరేది) చుట్టూ ప్లైవుడ్ దాదాపు 2 మి.మీ. ఉబ్బింది. బోల్ట్ రాపిడికి వార్నిష్ పోయి, పొరల మధ్యకు నీరు చేరింది.

బోల్ట్ విప్పేముందు బోర్డ్‌కు తాడు కట్టాలి, లేకపోతే ఒక్కసారిగా జారి అంచు విరుగుతుంది. బయటికి తీశాక వార్నిష్ గీకేసి నీడలో, గాలి ఆడేచోట నిలబెట్టాను. ఎండలో పెడితే త్వరగా ఆరుతుంది, కాకపోతే వంకరపోతుంది. ఆరిందో లేదో చేత్తో తడిమితే తెలియదు. రోజూ కాటా మీద పెట్టి బరువు రాసుకోవాలి. వరసగా మూడు రోజులు అదే అంకె వచ్చేదాకా ఎపాక్సీ జోలికి వెళ్లలేదు. తడి లోపలుండగా పూత వేస్తే దాన్ని లోపలే బంధించినట్టు.

రంధ్రం పని ముఖ్యం. 8 మి.మీ. బోల్ట్‌కు సరిపోయే రంధ్రాన్ని 20 మి.మీ.కు పెద్దది చేశాను. లోపలి అంచులకు పలుచని ఎపాక్సీ రెండుసార్లు పట్టించి, తర్వాత సిలికా పొడి కలిపిన చిక్కని ఎపాక్సీతో నింపాను. చిక్కదనం గట్టి పల్లీ చట్నీలా ఉండాలి, గరిటె తిప్పినా కారకూడదు. పూర్తిగా గట్టిపడ్డాక మధ్యలో 8 మి.మీ. రంధ్రం మళ్లీ వేశాను. ఇప్పుడు బోల్ట్ రాసుకునేది చెక్కను కాదు, ఎపాక్సీని. ఆరాక కూడా మిగిలిన ఉబ్బును 120 గరుకు కాగితంతో దించి, 240తో నునుపు చేసి, మూడు పూతలు వార్నిష్ వేశాను. బోర్డ్ ఆకారం క్లాస్ నియమాల్లో (ఈ రకం పడవలన్నిటికీ ఉన్న నియమాలు) ఉంటుంది, కాబట్టి అంచులు పలచన చేద్దామన్న ఆశ వద్దు.

గాస్కెట్‌కు తెరచాప గుడ్డ పట్టీలు రెండు, స్లాట్ మధ్యలో అంచులు కలిసేలా. అది లేకపోతే స్లాట్‌లో నీరు సుడితిరిగి వేగం తగ్గుతుంది, కేసు పైనుంచి ఒళ్లంతా తడుస్తుంది. బోల్ట్ తలకూ నట్టుకూ కింద రబ్బరు వాషర్లు కొత్తవే వేయాలి. పడవలోకి నీరు ఊరేది చాలాసార్లు ఇక్కడి నుంచే.

నీళ్లమీద ఎదురుగాలికి బోర్డ్ పూర్తిగా కిందికి, అడ్డగాలికి సగం, గాలివాటుకు బెత్తెడు మాత్రమే ఉంచుతాను. జైబ్‌లో (వెనకగాలిలో తెరచాపను ఒక పక్కనుంచి ఇంకో పక్కకు మార్చేటప్పుడు) బోర్డ్ పూర్తిగా దించి ఉంటే కాలికి తాడు తగిలినట్టు పడవ దానిమీద బోల్తా కొడుతుంది. గుర్రపుడెక్క తగులుకుంటే ఒకసారి పైకెత్తి దించితే చాలు.

బోర్డ్ మరీ సులువుగా కదిలినా ప్రమాదమే. బోల్తాపడిన పడవను లేపేది దానిమీద నిలబడే. నిలబడేది కూడా కొసన కాదు, పడవ అడుగుకు ఆనుకుని, లేదంటే విరుగుతుంది. పడవ పూర్తిగా తలకిందులైతే వదులు బోర్డ్ తన బరువుకే కేసులోకి జారిపోతుంది, పట్టుకోవడానికి ఏమీ మిగలదు. అందుకే కేసు లోపల రెండు పక్కలా రబ్బరు ముక్కలు అంటించి, ఒడ్డునే పడవను నలుగురం కలిసి బోర్లించి చూశాం. బోర్డ్ నిటారుగా నిలిచింది. అరచేత్తో నొక్కితేగానీ దిగలేదు.